ఎవరి మాట, ఎవరి అనుమతి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థుల జనరేటివ్ ఏఐ వాడకం – వ్యక్తిగత సమాచార స్పృహ

ఉపోద్ఘాతం

కోరుట్లలో డిగ్రీ చదువుతున్న ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. తండ్రి మస్కట్‌లో పని చేస్తున్నాడు. కంపెనీ ఇచ్చిన కొత్త ఒప్పంద పత్రం ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంది. తండ్రి దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, "దీంట్ల ఏమున్నదో చూసి చెప్పు బిడ్డా" అన్నాడు. కొడుకు ఆ ఫోటోను చాట్‌జీపీటీలో పెట్టాడు. నిమిషంలో జీతం ఎంత, సెలవు ఎప్పుడు, విమానం టికెట్టు ఖర్చు ఎవరిది అన్నవన్నీ తెలుగులో తెలిశాయి. ఇది మంచి పనే. ఒకప్పుడు ఇదే కాగితం పట్టుకొని ఏజెంటు ఇంటి ముందు నిలబడవలసి వచ్చేది.

అయితే ఆ కాగితం మీద పాస్‌పోర్టు నంబరు ఉంది, పుట్టిన తేదీ ఉంది, సంతకం ఉంది. ఇవేవీ కొడుకువి కావు. ఆ కొడుకు తన ఏటీఎం పిన్ను ఎవరికీ చెప్పడు. తెలియని నంబరు నుండి ఫోను వస్తే ఓటీపీ ఇవ్వడు. సైబర్ మోసం జరిగితే 1930కి ఫోను చేయాలని కూడా అతనికి తెలుసు. అట్టి జాగ్రత్తపరుడే తండ్రి కాగితం పంపేటప్పుడు ఒక్క క్షణమైనా ఆగలేదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఈ ఆగకపోవడం గురించే. మన విద్యార్థులకు వ్యక్తిగత సమాచారమంటే తమ డబ్బుకు కాపలా అని నేర్పారు. అది ఇతరుల జీవితానికి సంబంధించిన మాట అని నేర్పినవారు తక్కువ. జనరేటివ్ ఏఐ వచ్చిన తరువాత ఈ లోటు పెద్దదయింది. ఈ లోటు విద్యార్థులకే పరిమితమా, కాపరులమైన మనలోనూ ఉన్నదా అన్నది వ్యాసం చివరికి వచ్చేసరికి మనల్ని మనం అడుగుకోవలసిన ప్రశ్న.

1. ఈ మూడు పట్టణాల విద్యార్థి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ పాత కరీంనగర్ జిల్లా పట్టణాలు. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో జగిత్యాల ఒక జిల్లా కేంద్రమయింది. కోరుట్ల ఆ జిల్లాలో చేరింది. సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రమయింది. ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలు 2008లో కరీంనగర్‌లో స్థాపితమైన శాతవాహన విశ్వవిద్యాలయ పరిధిలోనివి. జగిత్యాల దగ్గర నాచుపల్లిలో 2007 నుండి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. సిరిసిల్లలో అదే విశ్వవిద్యాలయపు కళాశాల 2021లో మొదలయింది. పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. కాబట్టి ఈ మూడు పట్టణాలలో ఏ సంఘానికి వెళ్లినా విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరైనా కనబడతారు.

ఈ విద్యార్థి వివరాలు కళాశాల మెట్టు ఎక్కకముందే కంప్యూటరులోకి ఎక్కుతాయి. డిగ్రీ ప్రవేశాలు 2016 నుండి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. ఉపకార వేతనానికి ఈపాస్‌లో దరఖాస్తు పెట్టాలి. కుల ధ్రువీకరణకూ ఆదాయ ధ్రువీకరణకూ మీసేవకు పోవాలి. ఇంట్లో కంప్యూటరు లేనివారు నెట్ సెంటరులో కూర్చుంటారు. ఆధార్, పదవ తరగతి మెమో, బ్యాంకు పాసుబుక్కు అక్కడి యంత్రంలో స్కాన్ అవుతాయి. పని ముగిశాక వాటిని తీసివేయమని అడిగేవారు అరుదు. చిన్ననాటి నుండి "అడిగితే ఇచ్చేయాలి" అన్న అలవాటులోనే వీరు పెరిగారు. ఇవ్వకపోతే సీటు పోతుంది, స్కాలర్‌షిప్పు ఆగుతుంది. ఇట్టి అలవాటు గలవారి చేతికి జనరేటివ్ ఏఐ వచ్చింది.

అది వచ్చింది కూడా ఉచితంగా. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న విడుదలయింది. 2025 జూలైలో ఎయిర్‌టెల్ తన వినియోగదారులకు పర్‌ప్లెక్సిటీ ప్రోను ఏడాదిపాటు ఉచితంగా ప్రకటించింది. అదే నెలలో గూగుల్ భారతీయ కళాశాల విద్యార్థులకు తన జెమినీ ప్రో పథకాన్ని ఏడాదిపాటు ఇస్తామన్నది. అక్టోబరు చివర జియో సిమ్ గలవారికి, మొదటగా 18 నుండి 25 ఏళ్లవారికి, అదే సౌకర్యాన్ని 18 నెలలకు ప్రకటించారు. నవంబరు 4 నుండి చాట్‌జీపీటీ గో కూడా మన దేశంలో ఏడాది ఉచితమయింది. నాలుగు నెలలలో ఇన్ని తలుపులు తెరుచుకున్నాయి. ఉచితంగా వచ్చిన వస్తువును పరీక్షించి పుచ్చుకునే అలవాటు మనలో తక్కువ.

మరొక సంగతి గమనించాలి. ఈ ప్రాంతంలో విద్యార్థి తన చదువు మాత్రమే చదువుకోడు. ఇంటిల్లిపాదికీ అతడే చదువరి. నాన్న గల్ఫ్ కాగితాలు, అమ్మ బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు, పీఎఫ్ పత్రాలు, తాత ఆసుపత్రి రిపోర్టు, బ్యాంకు నుండి వచ్చిన అప్పు నోటీసు, అన్నీ ఇంగ్లీషులో వస్తాయి, అన్నీ ఆ అబ్బాయి చేతికో ఆ అమ్మాయి చేతికో చేరతాయి. సిరిసిల్లలో మరమగ్గాల ఆసామి ఇంట బిల్లులూ బాకీల లెక్కలూ అంతే. గనుక ఇక్కడ ఒక విద్యార్థి ఫోను అంటే ఒక కుటుంబపు బీరువా అని అర్థం చేసుకోవాలి.

2. పెట్టెలో రాసిన మాట ఎక్కడికి పోతుంది?

చాలామంది విద్యార్థులు చాట్ పెట్టెను కాలిక్యులేటరులాగా భావిస్తారు. అంకెలు కొడితే జవాబు వస్తుంది, తుడిచేస్తే పోతుంది అనుకుంటారు. ఈ పోలిక సరికాదు. కాలిక్యులేటరు లెక్క మన చేతిలోనే జరుగుతుంది. జనరేటివ్ ఏఐలో మనం రాసిన మాట, పెట్టిన ఫోటో ఇంటర్నెట్ ద్వారా ఆ కంపెనీ కంప్యూటర్లకు చేరుతుంది. జవాబు అక్కడ తయారై తిరిగి వస్తుంది. మనం పంపినది అక్కడ నిలువ ఉంటుంది.

నిలువ ఉన్న మాటకు మూడు గతులు ఉండవచ్చు. మొదటిది, అది తరువాతి నమూనాలకు శిక్షణ సామగ్రి కావచ్చు. సాధారణ వినియోగదారుల సంభాషణలను శిక్షణకు వాడుకునే ఏర్పాటు చాట్‌జీపీటీలో ముందుగానే ఆన్‌లో ఉంటుంది. వద్దనుకుంటే సెట్టింగులలోకి పోయి మనమే ఆపాలి. రెండవది, నాణ్యత పరిశీలనకు కొన్ని సంభాషణలను మనుష్యులే చదవవచ్చు. జెమినీ విషయంలో గూగుల్ ఈ సంగతిని తన గోప్యతా సూచనలలోనే చెప్పింది. రహస్య విషయాలు రాయవద్దని హెచ్చరించింది. మనుష్యులు పరిశీలించిన సంభాషణలు మూడేళ్ల వరకు ఉండవచ్చునన్నది. మూడవది, పొరపాటువల్లనో న్యాయస్థానపు ఉత్తర్వువల్లనో అది బయటికి రావచ్చు, లేదా తుడిచినా మిగిలిపోవచ్చు.

ఈ మూడవదానికి ఉదాహరణలు కొత్తవి కావు. 2023 మార్చిలో ఒక సాంకేతిక లోపంవల్ల చాట్‌జీపీటీలో కొందరికి ఇతరుల సంభాషణల శీర్షికలు కనబడ్డాయి. అదే ఏడాది శామ్‌సంగ్ ఉద్యోగులు కంపెనీ రహస్య కోడును అందులో పెట్టిన సంగతి బయటపడి, ఆ సంస్థ ఇట్టి సాధనాల వాడకాన్ని నిషేధించింది. 2025లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వేసిన దావాలో అమెరికా న్యాయస్థానం కొన్ని నెలలపాటు సంభాషణలను, వినియోగదారులు తుడిచివేసినవాటిని సహా, భద్రపరచమని ఓపెన్‌ఏఐని ఆదేశించింది. 2025 జూలై చివర, "ఇతరులతో పంచుకో" అన్న సౌకర్యాన్ని నొక్కి, వెతికితే దొరికేలా ఉంచమన్న గడిలో టిక్కు పెట్టిన సంభాషణలు గూగుల్ వెతుకులాటలో కనబడసాగాయి. వాటిలో ఆరోగ్యం, కుటుంబ కలహాలు, మనోవేదన వంటి విషయాలూ ఉన్నాయి. కంపెనీ ఆ సౌకర్యాన్ని వెంటనే తీసివేసింది. ఇక్కడ ఎవరూ దొంగతనం చేయలేదు. వాడేవారే నొక్కారు, నొక్కినది ఏమిటో గ్రహించలేదు.

శిక్షణలో కలిసిపోయిన మాట ఎన్నటికీ తిరిగి రాదన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. 2023 నవంబరులో గూగుల్ డీప్‌మైండ్ మొదలైన సంస్థల పరిశోధకులు ఒకే మాటను అంతులేకుండా పలుకుతూ ఉండమని చాట్‌జీపీటీని అడిగారు. కొంతసేపటికి అది దారితప్పి, శిక్షణ సామగ్రిలోని ముక్కలను ఉన్నదున్నట్టుగా బయటపెట్టింది. వాటిలో నిజమైన మనుష్యుల ఫోను నంబర్లు, ఈమెయిల్ చిరునామాలు కూడా ఉన్నాయి. ప్రతి మాటా ఇట్లా బయటికి వస్తుందని మేము చెప్పడం లేదు. అయితే కలిసిపోయిన ఉప్పును నీటిలోనుండి ఏరలేనట్టే, ఒకసారి శిక్షణలో కలిసిన వివరాన్ని ఏరి తీయడం ఎవరికైనా కష్టమే.

3. పేరు తీసివేస్తే చాలునా?

జాగ్రత్త తెలిసిన విద్యార్థులు ఒక మాట అంటారు: "మేము పేరు రాయలేదు కదా." ఈ జవాబులో కొంత వివేకమున్నది. హైదరాబాదు వంటి మహానగరంలో పేరు లేని మనిషి గుంపులో కలిసిపోవచ్చు. కోరుట్లలో కలిసిపోడు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక అమ్మాయి తన స్నేహితురాలి గురించి ఏఐని సలహా అడిగింది. పేరు రాయలేదు. "బీడీలు చేసే తల్లి, దుబాయిలో తండ్రి, ఇద్దరు అక్కలకు పెండ్లి అయింది, తాను పశువైద్య కళాశాలలో రెండవ సంవత్సరం, నిశ్చయమైన సంబంధం ఇష్టం లేదు" అని రాసింది. అమెరికాలోని కంప్యూటరుకు ఇది ఎవరో తెలియదు. కానీ ఈ మాటలు స్క్రీన్‌షాటుగా ఒక వాట్సాప్ గుంపులోకి వస్తే, ఆ వాడకట్టువారికి పేరుతో పని లేదు. నాలుగు గుర్తులు చాలు. చిన్న పట్టణంలో మనిషిని పేరుతో కంటే ఇల్లు, వృత్తి, సంబంధాలతోనే గుర్తిస్తారు.

మన దేశపు చట్టం కూడా ఈ సత్యాన్ని గుర్తించింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 వ్యక్తిగత డేటాను పేరు, నంబరు అని జాబితాగా చెప్పలేదు. ఏ సమాచారం ద్వారా గాని, దానికి సంబంధించి గాని ఒక వ్యక్తిని గుర్తించగలమో అది ఆ వ్యక్తి డేటా అని నిర్వచించింది. గనుక పేరు లేని కథ కూడా వ్యక్తిగత సమాచారమే కావచ్చు. ఫోటోలు, గొంతు రికార్డులు వేరే చెప్పనక్కరలేదు. 2025 సెప్టెంబరులో జెమినీతో చీరకట్టు బొమ్మలు తయారుచేసుకునే వేడుక దేశమంతా సాగినప్పుడు, అప్పటి తెలంగాణ ఆర్టీసీ ఎండీ వి.సి. సజ్జనార్ నకిలీ వెబ్‌సైట్లలో, అనధికార యాప్‌లలో ఫోటోలు పెట్టవద్దని ప్రజలను హెచ్చరించారు. ఆ రోజుల్లో తన ఫోటోతో బాటు స్నేహితురాళ్ల ఫోటోలు పెట్టినవారు వాళ్లను అడిగి పెట్టారా అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినబడలేదు.

4. చట్టం ఏమిచ్చింది, ఎక్కడ ఆగింది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. దాని ఫలంగా వచ్చిన పైన చెప్పిన చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ముఖ్య బాధ్యతలు అమలుకు రావడానికి ఆ ప్రకటనలో 18 నెలల గడువు ఇచ్చారు.

విద్యార్థులకు బోధించదగిన అంశాలు ఇందులో నాలుగు ఉన్నాయి.

మొదటిది, సమ్మతి. అది స్వేచ్ఛగా, తెలిసి, ఒక నిర్దిష్ట ప్రయోజనానికి ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత తేలికగా వెనక్కు తీసుకునే వీలుండాలి.

రెండవది, భాష. సమ్మతి కోరే సూచనను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు ఇవ్వాలి. అందులో తెలుగు ఉంది. "నాకు తెలుగులో చూపించు" అని అడగడం బతిమాలడం కాదు, హక్కు.

మూడవది, వయస్సు. 18 ఏళ్లు నిండనివారి డేటాకు తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలి. ఇంటర్ విద్యార్థులు, డిగ్రీ మొదటి సంవత్సరంలో కొందరు, ఈ వయస్సులోపే ఉంటారు.

నాలుగవది, సరిదిద్దుకొనే హక్కు, తుడిపివేయించుకొనే హక్కు, ఫిర్యాదు చేసే హక్కు. సంస్థలు భద్రత విషయంలో తప్పితే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఇంత బలమైన చట్టం ఒక గుమ్మం దగ్గర ఆగింది. ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరానికి డేటాను వాడితే ఈ చట్టం వర్తించదు. ఇది న్యాయమే, లేకుంటే అక్క ఫోను నంబరు దాచుకున్నా నేరమవుతుంది. కానీ దాని ఫలితం గమనించండి. స్నేహితుడు రాత్రిపూట పంపిన బాధ నిండిన మెసేజీలను ఒక విద్యార్థి కాపీ చేసి, "వీడికి ఏమని జవాబు ఇవ్వాలి" అని ఏఐని అడిగితే, ఆ విద్యార్థిని ఈ చట్టం అడ్డగించదు. చట్టం కంపెనీని పట్టుకుంటుంది, ప్రభుత్వానికి కొన్ని హద్దులు పెడుతుంది, ఇంటి లోపలికి రాదు. ఇంటి లోపల నడిపించవలసినది మనస్సాక్షి. మనస్సాక్షికి బోధ కావాలి. అది కాపరి పని.

ఈ బోధకు మన గ్రంథంలో ఆధారం లేకపోలేదు. సామెతల గ్రంథం 11వ అధ్యాయం 13వ వచనం కొండెగాణ్ణీ నమ్మకస్థుణ్ణీ వేరుచేసే గీత ఇతరుల గుట్టును దాచడంలో ఉన్నదని చూపుతుంది. 25వ అధ్యాయం 9వ వచనం మన ప్రశ్నకు మరింత దగ్గరిది. పొరుగువానితో మనకే వ్యాజ్యం ఉన్న సందర్భంలో కూడా మరొకరి రహస్యాన్ని బయటపెట్టకూడదన్నది దాని భావం. అంటే నా సమస్యకు పరిష్కారం వెదకడం నా హక్కే గాని, ఆ దారిలో ఇంకొకరి గుట్టు ఖర్చు పెట్టే హక్కు నాకు రాదు. స్నేహితుడి మెసేజీలను కాపీ చేసేవాడు సరిగ్గా ఈ గీత మీదనే నిలబడి ఉన్నాడు.

5. యంత్రానికి ఎందుకు చెబుతున్నారు?

ఇంతవరకు విద్యార్థుల గురించి మాట్లాడాము. ఇప్పుడు మన గురించి.

యౌవనస్థులు ఏఐతో చెప్పుకునే సంగతులు హోంవర్కుకు సంబంధించినవి మాత్రమే కావు. ప్రేమ, పెండ్లి, పరీక్ష తప్పడం, ఇంట్లో తాగుడు, అప్పు, విశ్వాసంలో సందేహం, చచ్చిపోవాలన్న ఆలోచన కూడా అక్కడికి వెళుతున్నాయి. "మా దగ్గరికి రావచ్చు కదా" అని మనము అంటాము. వారు ఎందుకు రారు? మేము యౌవనుల కూటాలలో మెల్లగా అడిగినప్పుడు వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే: "అయ్యగారికి చెబితే అమ్మకు తెలుస్తుంది." మరికొందరు ఇంకొంచెం ధైర్యం చేసి అంటారు: "ఆదివారం ప్రసంగంలో వస్తుంది."

ఈ రెండవ మాట మనల్ని గుచ్చాలి. ఆలోచన చెప్పించుకోవడానికి వచ్చిన సహోదరి కథను, పేరు తీసివేసి, ప్రసంగంలో ఉదాహరణగా వాడిన కాపరులు మనలో లేరా? పేరు తీసివేశాము కదా అనుకున్నాము. సంఘంలో సగంమందికి ఎవరో తెలిసిపోయింది. ప్రార్థన అంశాల పేరిట జబ్బులు, గర్భస్రావాలు, భార్యాభర్తల తగవులు వాట్సాప్ గుంపులో రాశాము. విద్యార్థి ఏఐలో చేసే తప్పును మనము మైకులో చేశాము. తప్పు ఒకటే: మనకు అప్పగించిన మాటను మన సొంత మాటలాగా వాడుకోవడం.

యంత్రం నోరు విప్పి వాడకట్టులో చెప్పదు గనుక అది కాపరి కంటే నమ్మకమైనదని యౌవనుడికి తోచింది. ఈ నమ్మకం పూర్తిగా నిజం కాదని పైన చూశాము. ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ కూడా 2025 జూలైలో ఒక సంభాషణలో, వైద్యుడితోనో న్యాయవాదితోనో చెప్పిన మాటకు ఉండే చట్టపు రక్షణ చాట్‌జీపీటీతో చెప్పిన మాటకు లేదని ఒప్పుకున్నారు. కానీ ఈ సంగతి చెప్పి యౌవనుణ్ణి భయపెడితే అతడు మన దగ్గరికి రాడు. ఎవరి దగ్గరికీ పోకుండా ఉండిపోతాడు. అది మరింత ప్రమాదం.

సిరిసిల్ల ఈ విషయంలో మనకు మరువరాని పాఠం. మగ్గాల పని పడిపోయి, అప్పులు పెరిగి, ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలు ఆ పట్టణం నుండి అనేకసార్లు వచ్చాయి. ఒక ఆసామి ఇంట కూతురు రాత్రి పన్నెండు గంటలకు, "నాన్న అన్నం తినడం లేదు, బతికి లాభం లేదంటున్నాడు, ఏం చేయాలి" అని ఫోనులో రాస్తే, ఆమెకు మనము గోప్యత గురించి పాఠం చెప్పకూడదు. ఆమెకు ఆ క్షణాన మనిషి కావాలి. టెలీ మానస్ సహాయ కేంద్రం నంబరు 14416. 2022 అక్టోబరు నుండి పనిచేస్తున్నది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరుతో బాటు కాపరి నంబరు కూడా ఆమెకు గుర్తు రావాలి. అది గుర్తు రావాలంటే, అంతకు ముందు పదేళ్లు ఆ కాపరి నోరు కట్టుకొని ఉండాలి.

గోప్యతకు హద్దు కూడా ఉందని ఇక్కడే చెప్పాలి. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు రహస్యం దాచడం నమ్మకత్వం కాదు. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. దీని నుండి కాపరికి మినహాయింపు లేదు. ఈ హద్దును ఆలోచన చెప్పే ముందే వచ్చినవారికి తెలియజేయడం మంచి పద్ధతి.

6. ఆచరణలో

పైన వివరించిన వాటిని బట్టి సంఘాలలో, వేదాంత కళాశాలలలో అనుసరించదగిన కొన్ని సంగతులు సూచిస్తున్నాము.

ఒకటి, విద్యార్థులకు ఒక్క ప్రశ్న నేర్పండి: "ఇది ఎవరి మాట?" తన మాట అయితే తన ఇష్టం. ఇతరుల మాట అయితే అడగాలి. అడగలేని పక్షంలో రాయకూడదు. పది నిబంధనలకంటె ఈ ఒక్క ప్రశ్న గుర్తుంటుంది.

రెండు, కాగితం చదివించుకోవడం మానవద్దని చెప్పండి, కప్పి చదివించుకోమనండి. ఒప్పంద పత్రం ఫోటో తీసే ముందు పాస్‌పోర్టు నంబరు, పేరు, సంతకం ఉన్నచోట ఒక కాగితం ముక్క అడ్డం పెడితే చాలు. జీతం షరతు అర్థం కావడానికి నాన్న పాస్‌పోర్టు నంబరు అవసరం లేదు. ఆసుపత్రి రిపోర్టులో పేరు, ఫోను, రిజిస్ట్రేషన్ నంబరు కప్పి, అంకెలు మాత్రమే చూపవచ్చు. వచ్చిన జవాబును వైద్యుడికి చూపకుండా మందు మార్చకూడదని కూడా చెప్పాలి.

మూడు, యౌవనుల కూటంలో ఒక సాయంత్రం అందరూ ఫోన్లు తీసి, తాము వాడే సాధనంలో శిక్షణకు అనుమతించే సెట్టింగును చూడండి. వద్దనుకున్నవారు ఆపుకోవచ్చు. తాత్కాలిక చాట్ అన్న సౌకర్యం ఎక్కడుందో, పాత సంభాషణలను ఎట్లా తుడవాలో, పంచుకున్న లింకులను ఎట్లా తీసివేయాలో చూపండి. తెలిసిన ఒక విద్యార్థి చేతనే చెప్పిస్తే మరీ మంచిది.

నాలుగు, నెట్ సెంటరులో పని ముగిశాక స్కాన్ చేసిన ఫైళ్లు తన ముందే తీసివేయమని అడగడం, మెయిల్ నుండి లాగౌట్ కావడం అలవాటు చేయండి. ఏఐ జాగ్రత్త ఇక్కడి నుండే మొదలవుతుంది.

ఐదు, ఇది మనకు. ఆలోచన చెప్పిన వివరాలను, సాక్ష్యాలను, ప్రార్థన విన్నపాలను ప్రసంగం తయారీకో నివేదిక రాయడానికో ఏఐలో పెట్టవద్దు. కప్పి పెట్టడం కూడా ఇక్కడ చాలదు. ఎందుకు చాలదో మూడవ భాగంలో చూశాము. వాక్యభాగపు నేపథ్యం, భాషా సందేహం, ప్రసంగ రూపురేఖ అడగడంలో ఎవరి గుట్టూ లేదు. అవి అడగండి, వచ్చిన జవాబును గ్రంథాలతో సరిచూడండి.

ఆరు, సంఘం కంప్యూటరులో ఉంచిన సభ్యుల పట్టిక, బాప్తిస్మపు రికార్డు, ఆదివారపు బడి పిల్లల ఫోటోలు ఒక వ్యక్తి ఇంటి అవసరానికి ఉంచినవి కావు. సంఘం ఒక సంస్థగా వాటిని ఉంచుతుంది. గనుక చట్టపు బాధ్యత దాని మీద పడవచ్చు. ఎవరి చేతిలో ఉన్నాయో, ఎందుకు ఉన్నాయో, ఎప్పుడు తీసివేయాలో ఒక పుటలో రాసి పెద్దల సభలో ఆమోదించుకోండి. పిల్లల ఫోటోకు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి.

ఏడు, వేదాంత విద్యార్థులు పరిశోధన కొరకు గ్రామాలలో సంభాషణలు రికార్డు చేస్తారు. ఆ గొంతును ఏఐలో పెట్టి రాతలోకి మార్చడం ఇప్పుడు తేలికయింది. మాట్లాడిన అవ్వకు అది ముందే చెప్పారా? "మీ మాటలు కంప్యూటరుకు వినిపించి రాయిస్తాం, సమ్మతమేనా" అని తెలుగులో అడిగి, కాదంటే చేత్తో రాసుకోవడం పరిశోధకుని ధర్మం.

ముగింపు

జనరేటివ్ ఏఐని మానుకోమని యౌవనులకు చెప్పడం మా ఉద్దేశం కాదు. గల్ఫ్ కాగితం చదవలేని తండ్రికి అది కన్ను. ఇంగ్లీషు రాని మొదటి తరం విద్యార్థికి అది చేతికర్ర. ఆ మేలును నిలుపుకుంటూ, ఇతరుల మాట మన చేతికి వచ్చినప్పుడు అది అప్పగింత అని గుర్తించడమే మేము కోరుతున్నది.

జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో వచ్చే వారం యౌవనుల కూటం జరుగుతుంది. ఏఐ గురించి బోధించమని కాపరిని అడుగుతారు. బోధించే ముందు ఆ కాపరి చేయగల పని ఒకటి ఉంది. "ఇదివరకు మీలో కొందరి మాటలు నేను మీ అనుమతి లేకుండా బయట చెప్పాను, ఇక చెప్పను" అని ఒప్పుకోగలిగితే, ఆ సాయంత్రం మిగిలిన పాఠమంతా వారికి అర్థమవుతుంది. అర్ధరాత్రి ఫోనులో రాసుకునే మాటను, మరుసటి రోజు ఒక మనిషితో చెప్పడానికి వారిలో ఒక్కరైనా రావచ్చు.